ఇరవయ్యేడో రాయి

"ఈ రాళ్ళు ఎవరివప్పా?"

2001 జూన్‌లో హోసూరు నుంచి వచ్చిన బ్యాంకు ఫీల్డు ఆఫీసరు, స్కూటరు దిగీ దిగకముందే రామచంద్రప్పను అడిగిన మాట ఇది. ఆ మాటలో కోపం లేదు, వెటకారమూ లేదు. అతని చేతిలో ఒక ఫారం ఉంది, ఫారంలో ఒక గడి ఉంది, దాన్ని నింపాలి. ఎదురుగా నాలుగెకరాల చేను. చేని నడుమ అరవై అడుగుల లోతు గుంత, దాని అడుగున పచ్చగా నిలిచిపోయిన వాననీళ్ళు. గుంతకు తూర్పున, ఒకప్పుడు రాగులు బాగా పండిన మట్టిమీద, ఎడ్లబండి అంతేసి నల్లరాతి దిమ్మెలు ఇరవయ్యేడు. ప్రతి దిమ్మె మీదా ఎర్ర పెయింటుతో ఒక ఇంటూ గుర్తు.

"నావి కాదు సార్. నా దగ్గర ఉండాయి, అంతే," అన్నాడు రామచంద్రప్ప.

"నీవి కాకుంటే తీసేయించు."

"తీసేదానికి లేదు సార్."

ఆఫీసరు కాసేపు రాళ్ళను, కాసేపు మనిషిని చూశాడు. గడిలో ఏదో రాసుకుని స్కూటరు తిప్పుకున్నాడు. గుంతలోని నీళ్ళు పైకి తోడే మోటారుకు, పైపులకు రామచంద్రప్ప అడిగిన అప్పు రాలేదు. నేలమీద పరాయివాళ్ళ సొత్తు ఉన్నంతకాలం ఆ నేల చూపించి అప్పు పుట్టదని తర్వాత ఉత్తరం వచ్చింది.

రైతు పేరెత్తగానే రుమాలు తీసేవాళ్ళు కొంచెం ఆగాలి. రామచంద్రప్ప మోసపోయిన అమాయకుడు కాడు. తమిళనాడు సరిహద్దులో, ఉద్దనపల్లికి రెండు మైళ్ళ అవతల, రాయకోట దారి పక్కన, నాలుగు తరాలుగా సొంత భూమి దున్నుకునే ఇంటివాడు. తెలుగు మీడియంలో ఎనిమిదో తరగతి దాకా చదివాడు. తమిళంలో బేరమాడగలడు, కన్నడంలో తిట్టగలడు. టమాటా మండీలో దళారి తక్కెడమీద వేలు పెడితే పట్టుకున్న మనిషి. అతన్ని ఇరికించినదాంట్లో కంపెనీ పాలు కొంత ఉంది, కాగితం పాలు కొంత ఉంది. మిగతాది అతని మర్యాద. మన పల్లెల్లో మర్యాద గురించి మనం రాసుకునే నాలుగు మంచి మాటలనూ ఈ కథ పూర్తయ్యాక మళ్ళీ ఒకసారి చదువుకోవాలి.

ఆ చేని నడుమ నల్లగుండ్లు వరసగా ఉండేవి, ఉత్తరం నుంచి దక్షిణానికి గీత గీసినట్టు. తాతల కాలం నుంచీ నాగలి వాటిని చుట్టి పోయేది. వాటికి ధర ఉంటుందని ఎవరూ అనుకోలేదు. 1993లో హోసూరు కంపెనీ ఒకటి ఆంజినప్ప అనే మనిషిని పంపించింది. రాళ్ళు చూడడం అతని పని. కడవతో నీళ్ళు అడిగి తీసుకున్నాడు. ఒక గుండుమీద పోశాడు. పోసి, బీడీ ముట్టించుకుని పక్కన గొంతుకూర్చున్నాడు.

"రాయికి స్నానమా అప్పా?" అని రామచంద్రప్ప భార్య మునిలక్ష్మమ్మ అడిగింది.

"రాయి ఎండితే దొంగదమ్మా. తడిస్తే నిజం చెప్తాది," అన్నాడు ఆంజినప్ప.

అతని విద్య అంతా అందులోనే ఉంది. తడిసిన రాయి పాలిష్ పట్టినట్టు రంగు చూపిస్తుంది. అది ఆరేటప్పుడు ఇంకొకటి చూపిస్తుంది. రాయంతా ఒక్కలాగే ఆరిపోతే మంచిది. ఎక్కడైనా వెంట్రుకంత పగులుంటే నీళ్ళు అందులోకి దిగుతాయి. చుట్టూ ఆరిపోయినా ఆ గీత మాత్రం తడిగా మిగులుతుంది. కంటికి, వేలికి దొరకని పగులు కూడా ఒక బీడీ కాలేలోగా బయటపడుతుంది.

వ్యాపారులు దీన్ని బ్లాక్ గ్రానైట్ అంటారు. భూగర్భశాస్త్రం పరీక్షలో అలా రాస్తే మార్కులు పోతాయి. కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపలి శిలాద్రవం, పైనున్న గ్రానైట్ పగుళ్ళలోకి ఎగదన్ని, నేలమీదికి రాకముందే గడ్డకట్టింది. అదే ఈ నల్లరాయి. ఇందులో ఇంచుమించు సగం ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం. మామూలు గ్రానైట్‌లో గులాబీ రంగులో కనిపించే రకం కాదు, కాల్షియం ఎక్కువగా ఉన్న రకం. శిలాద్రవం చల్లారేటప్పుడు ముందుగా గడ్డకట్టేవాటిలో ఇదొకటి. సన్నటి పలుకులుగా గడ్డకట్టి, లోపల ఇనుము నలుసులు నింపుకున్నచోట ఇదీ నల్లగానే ఉంటుంది, పక్కనున్న ఖనిజాలతో కలిసిపోతుంది. కొన్నిచోట్ల మాత్రం లోతుల్లోనే తీరిగ్గా పెద్దగా పెరిగి, తర్వాత ద్రవంతో పాటు పైకి కొట్టుకొచ్చి, నల్లటి రాతిలో తెల్లగా ఇరుక్కుపోయింది. బియ్యపుగింజంత ఉంటుంది, ఒక్కోసారి చింతగింజంత. రెండూ ఒకే ఖనిజం. కలిసిపోయినచోట రాయికి ధర తెచ్చింది. కనిపించినచోట రాయికి తప్పయింది.

తప్పెందుకంటే ఆ రాయి జపాను పోయేది, సమాధులకు. అక్కడ సమాధి రాయి అద్దంలా నల్లగా ఉండాలట, తెల్లచుక్క ఉంటే తీసుకోరట. ఆంజినప్ప ఈ సంగతి చెప్పినప్పుడు మునిలక్ష్మమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"చచ్చినోళ్ళకు ఇంత షోకా? మా మామను పూడ్చినచోట మేము ఏ రాయి పెట్టినామో ఆయన ఒక్క పొద్దు కూడా అడగలేదు."

అయిదేళ్ళకు కౌలు కుదిరింది. చూసి బాగుందని తీసుకున్న రాయికి ఘనమీటరుకు ఇంత అని ధర. మొదటి మూడేళ్ళు అంతా బాగానే జరిగింది. పై పొరలో నలుపు చిక్కగా ఉంది. రామచంద్రప్ప ఇంటికి మిద్దె వేశాడు, మోపెడ్ కొన్నాడు, కొడుకు దేవేంద్రను హోసూరులో ఐటీఐలో చేర్పించాడు. గుంత నలభై అడుగులు దాటాక తెల్ల పలుకులు మొదలయ్యాయి. ఆంజినప్ప నీళ్ళు పోయడం, చూడడం, పెయింటు డబ్బా తీసి ఇంటూ గుర్తు వేయడం. గుర్తు పడిన దిమ్మెను క్రేను లాక్కెళ్ళి గుంత పక్కన రాగులు పండే మట్టిమీద పెట్టేది. ఇరవై అడుగులు అలాగే తవ్వి, ఇరవయ్యేడు దిమ్మెలు అలాగే పేర్చి, 1997 చివర్లో కంపెనీ పని ఆపేసింది. జపానువాళ్ళు కొనడం తగ్గించారని చెప్పింది.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

కంపెనీ మేనేజరు తిలక్ ఒకరోజు జీపులో వచ్చాడు. మిషన్లు, మనుషులు పోతారు, చుక్కరాళ్ళు మాత్రం ఉంటాయి అన్నాడు. ఏదో ఒకరోజు వాటికీ కొనేవాడు దొరకొచ్చు. అంతవరకు ఎవరూ పగలగొట్టి పునాదులకు ఎత్తుకుపోకుండా ఒక వాచ్‌మన్ కావాలి. ఇల్లు పక్కనే కాబట్టి రామచంద్రప్పే ఉంటే మంచిది, నెలకు ఏడు వందలు. ఇలా చెప్పి, జీపు బానెట్‌మీద హాజరు పుస్తకం తెరిచి పెన్ను ఇచ్చాడు.

పుస్తకంలో మొదటి పేరు పాపన్నది. కంప్రెసర్ షెడ్డుకు కాపలా మనిషి. పాపన్న తండ్రి రామచంద్రప్ప తండ్రి దగ్గర జీతమున్నాడు. పాపన్న కూడా చిన్నప్పుడు ఈ ఇంట్లోనే గొడ్లు కాశాడు. అతని వేలిముద్ర కింద ఖాళీ గీత. అక్కడ రామచంద్రప్ప సంతకం చేయాలి.

పాపన్న అక్కడే ఉన్నాడు. మరో పదిమంది కూలీలూ ఉన్నారు. రామచంద్రప్ప పెన్ను మూసి తిరిగి ఇచ్చేశాడు.

"ఆ బుక్కులో నా పేరు వద్దు. నా చేన్లో నేనే కూలోడినా?"

తిలక్ పల్లెల్లో పనిచేసి పండిన మనిషి. క్షణం ఆలోచించి, సరే, పెద్దమనిషికి తగినట్టే రాద్దామన్నాడు. రెండు రోజుల తర్వాత స్టాంపు పేపరు తెచ్చాడు. తమిళంలో ఉంది. దాన్ని తెలుగులో చెబుతూ ఒక్క ముక్క కూడా మింగకుండా చదివాడు. భూమి యజమాని రామచంద్రప్ప ఇరవయ్యేడు రాళ్ళను అప్పగింతగా తీసుకున్నాడు. లెక్క తగ్గకుండా, దెబ్బ తగలకుండా, కంపెనీ అడిగిన రోజు ఉన్నవి ఉన్నట్టు ఒప్పజెప్పే పూచీ అతనిది. ఇందుకు మర్యాదగా కంపెనీ నెలకు ఏడు వందలు పంపుతుంది. జీతం అన్న మాట ఎక్కడా లేదు. కూలీ, వాచ్‌మన్ అన్నవీ లేవు. యజమాని అన్న మాట మూడుసార్లు ఉంది. రామచంద్రప్ప తెలుగులో, గీత పొడవునా, సంతకం చేశాడు. పాపన్న సాక్షిగా వేలిముద్ర వేశాడు.

1998 జనవరి నుంచి పద్నాలుగు నెలలు డబ్బు వచ్చింది. 1999 మార్చిలో ఆగిపోయింది. అదే నెలలో పాపన్న జీతమూ ఆగింది. పాపన్న రెండు నెలలు చూసి, తిలక్ దగ్గరికి పోయి హాజరు పుస్తకంలో పేరు కొట్టేయించుకున్నాడు, బాకీలో సగం రాబట్టుకున్నాడు, హోసూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. పోయేముందు చేని గట్టుమీద నిలబడి రామచంద్రప్పను పిలిచాడు.

"సామీ, మీరూ వచ్చేయండి. గేటు కాడ కుర్చీ ఇస్తారు. చొక్కా కూడా వాళ్ళదే."

"నేను వస్తే రాళ్ళో?"

"రాళ్ళు యాడికి పోతాయి సామీ?"

పాపన్న దాన్ని ఎగతాళికి అనలేదు. కానీ ఆ మాట చేని మీదే ఉండిపోయింది. రాళ్ళు ఎక్కడికీ పోవు, కాబట్టి రామచంద్రప్ప కూడా ఎక్కడికీ పోలేడు.

అతను ఊరుకోలేదు. హోసూరు పోయి డబ్బు లేకపోతే కాపలా లేదని చెప్పాడు. తిలక్ మర్యాదగానే కాఫీ తెప్పించి, కాగితంలో డబ్బు ఆగితే పూచీ పోతుందని ఎక్కడా లేదన్నాడు. ఒక్క రాయి తగ్గినా జపాను ధర కట్టాల్సి వస్తుందని కూడా చెప్పాడు. రాళ్ళను తనే అమ్మి వదిలించుకుందామంటే, గని రాయి లారీ ఎక్కాలంటే పర్మిట్ కావాలి, పర్మిట్ రాయి తవ్విన కంపెనీకే ఇస్తారు. పగలగొట్టి గట్టు కట్టుకుందామంటే లెక్క తగ్గుతుంది. చివరికి కృష్ణగిరిలో ఒక ప్లీడరు దగ్గరికి పోయాడు. ప్లీడరు కాగితం చదివి ఒకటే అడిగాడు, నువ్వు జీతగాడివా అని. కాదని రామచంద్రప్ప అప్పటికీ గట్టిగానే చెప్పాడు.

"అదే నీ కర్మ. జీతగాడైతే రేపే మానేయొచ్చు. అప్పగింత తీసుకున్నోడు ఒప్పజెప్పేదాకా మానేది లేదు."

ఆ తర్వాతి ఏళ్ళు చెప్పడానికి పెద్దగా ఏమీ లేవు. ఇరుకులో ఉన్న మనిషి దినచర్య ఎప్పుడూ చిన్నదే. పొద్దున లేవగానే రాళ్ళ చుట్టూ ఒక తిరుగుడు, ప్రతి దాన్నీ చేత్తో తట్టుతూ. మధ్యాహ్నం ఇంకోటి. పునాదులకు రాయి కావాల్సినవాళ్ళు, రోళ్ళు చెక్కేవాళ్ళు ఉలి సంచులతో అటువైపు వచ్చినప్పుడల్లా గట్టుమీద నిలబడి దగ్గడం. ఊత్తంగరైలో మునిలక్ష్మమ్మ చెల్లెలి ఇంట్లో మూడు పెళ్ళిళ్ళు జరిగాయి. మూడింటికీ పొద్దున బస్సెక్కి, తాళి కట్టగానే లేచి, చీకటి పడకముందే తిరిగి వచ్చాడు. మూడో పెళ్ళిలో వాళ్ళు అతనికి ముందే విస్తరి వేసేశారు. బస్సు డ్రైవరుకు పెట్టినట్టు, అని మునిలక్ష్మమ్మ చాలా రోజులు దెప్పింది.

దిమ్మెల నడుమ ట్రాక్టరు తిరగదు, ఎద్దులు తిరగవు. దున్నని నేలలో కాంగ్రెస్ గడ్డి నడుమెత్తు లేచింది. తాకితే దద్దుర్లు, పూత గాలికి దగ్గు. 2003 మార్చిలో రామచంద్రప్ప మళ్ళీ కృష్ణగిరి పోయిన రోజు మునిలక్ష్మమ్మ ఆ గడ్డికి నిప్పు పెట్టింది. ఎండిన గడ్డి గుప్పున అంటుకుంది. గాలి తిరిగి మంట గడ్డివామి వైపు పోవడంతో, ఆమె ఇంట్లోంచి కడవలు మోసుకొచ్చి దొరికినచోటల్లా నీళ్ళు కుమ్మరించింది. మంట ఆరింది. ఆరేటప్పుడు గట్టుకు దగ్గరున్న చివరి దిమ్మె టక్కుమంది.

దగ్గరికి పోయి చూస్తే ఒక మూల నుంచి మూరెడు పొడవున, వెంట్రుకంత గీత. వేడెక్కిన రాతిమీద చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో రాళ్ళు కొట్టేవాళ్ళందరికీ తెలుసు. ఒకప్పుడు అలాగే చీల్చేవాళ్ళు. మునిలక్ష్మమ్మకు అప్పుడు తెలిసింది. దెబ్బ తగలకుండా అన్న మాట కాగితంలో ఉందని ఆమెకు గుర్తుంది. దీపం మసిని ఆముదంలో కలిపి వేలితో ఆ గీతలోకి రుద్దింది. గీత మాయమైంది. మొగుడికి చెప్పలేదు, కొడుక్కీ చెప్పలేదు. ఏడాదికి రెండుసార్లు, పండగకు అరుగులు అలికినట్టు, ఆ గీతకు మసి పెట్టడం అలవాటు చేసుకుంది.

2006 ఏప్రిల్‌లో ఆంజినప్ప వచ్చాడు. జుట్టు నెరిసింది, బీడీ మానేశాడు. ఒక చిన్న ఇటుకంత పాలిష్ ముక్క సంచిలోంచి తీసి చూపించాడు. నల్లటి అద్దంలో తెల్ల పలుకులు మెరుస్తున్నాయి.

"ఇప్పుడు చుక్కలే కావాలంటాండారప్పా. వంటింటి బల్లలకు. అప్పుడు తప్పు, ఇప్పుడు డిజైను."

వారం తిరిగేలోగా తిలక్ ఫోను చేశాడు. ఇరవయ్యేడూ తీసుకుంటాం. కౌలు గడువు ఎప్పుడో పోయింది కాబట్టి రాళ్ళకు వేరే ధర రాదు. ఒప్పజెప్పిన రోజే అప్పగింత కాగితం రద్దు చేసి చేతికిస్తాం, నిలిచిపోయిన నెలలన్నిటికీ చెక్కు ఇస్తాం. రామచంద్రప్ప ధర గురించి వాదించలేదు. అతనికి కావాల్సింది కాగితం. దేవేంద్ర అప్పటికే బ్యాంకుకు పోయి వచ్చాడు. రాళ్ళు పోయి, కంపెనీ సొత్తు లేదన్న కాగితం చూపిస్తే మోటారుకు అప్పు ఇస్తామన్నారు. గుంతలో నీళ్ళున్నాయి, మార్కెట్టు రాయకోటలో ఉంది, టమాటా నారుకు చెప్పిపెట్టాడు. పాత పైపులు కొన్ని చవగ్గా దొరికితే కొని, గట్టుమీద పేర్చి కూడా పెట్టాడు.

ఒప్పజెప్పే రోజు పొద్దున మునిలక్ష్మమ్మ అందరికంటే ముందు లేచి చివరి దిమ్మెకు మసి, ఆముదం పెట్టింది.

క్రేను, నాలుగు లారీలు, పర్మిట్లు, జీపు బదులు ఇప్పుడు కారులో తిలక్. అతని చేతిలో ఫైలు. ఫైలులో ఆ స్టాంపు పేపరు, రద్దు చేస్తూ టైపు కొట్టిన కాగితం, చెక్కు బుక్కు. లారీతో పాటు డ్రమ్ముతో నీళ్ళు కూడా వచ్చాయి. గుంత అడుగున నీళ్ళున్నాయి కానీ అందులోకి దిగే దారి లేదు. కొనేవాడు ప్రతి రాయికీ ఆంజినప్ప మాట కావాలన్నాడట. ఆంజినప్ప ఒక్కో దిమ్మెమీద నీళ్ళు పోస్తాడు, ఆరేదాకా నిలబడతాడు, తల ఊపుతాడు. ఊపినప్పుడల్లా క్రేను దిమ్మెను ఎత్తి దారి పక్కన పెడుతుంది. ఏళ్ళ తరబడి కదలని రాయి నేల విడిచి లేస్తుంటే కింద తెల్లబారిన మట్టి, జెర్రులు. రామచంద్రప్ప ఒక్కో చోటికీ పోయి ఆ మట్టిని కాలితో తొక్కి చూస్తూ ఉన్నాడు.

మధ్యాహ్నానికి ఇరవయ్యారు ముగిశాయి.

చివరి దిమ్మె దగ్గర ఆంజినప్ప ముందు చేత్తో నిమిరాడు. వేళ్ళు వాసన చూసుకున్నాడు. చిన్న సుత్తితో ఒకచోట తట్టాడు, మరోచోట తట్టాడు. రెండో తట్టుకు రాయి గంటలా మోగలేదు, చెక్కలా పలికింది. మునిలక్ష్మమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆంజినప్ప ఆమెను ఒకసారి చూశాడు. పోయి డ్రమ్ములోకి తొంగి చూసి, దాన్ని అడ్డంగా పడేశాడు.

"నీళ్ళు అయిపోయినాయి సార్. ఇదీ ఆ జాతే. చూసేదేముండాది, ఎత్తించేస్తాం."

తిలక్ అప్పటికే చెమటకు సగమైపోయాడు. సరేనని ఫైలు తెరిచి పెన్ను తీశాడు. క్రేను గొలుసు కిందికి దిగుతోంది.

అప్పుడు రామచంద్రప్ప అన్నాడు, "నీళ్ళు అయిపోయినాయంటే? ఈడ ఇల్లు లేదా?"

ఆంజినప్ప వద్దప్పా అన్నాడు. అనవసరం, పొద్దెక్కింది, లారీలకు ఆలస్యమవుతుంది అన్నాడు. అతను వద్దన్నకొద్దీ రామచంద్రప్పకు ఇంటి మర్యాద పోతున్నట్టు అనిపించింది. గుమ్మం వైపు తిరిగి గట్టిగా పిలిచాడు.

"ఏమే, రెండు బిందెలు నీళ్ళు తే."

"నీళ్ళు లేవు," అంది మునిలక్ష్మమ్మ.

చేన్లో పదిమంది ఉన్నారు. బోరు ఎండిన ఏళ్ళలో కూడా మైలు దూరం నుంచి మోసుకొచ్చి దారినపోయేవాళ్ళకు పోసిన ఇల్లది. అడిగినవాడికి నీళ్ళు లేవన్న మాట పెళ్ళయిన ఇరవయ్యెనిమిదేళ్ళలో ఆమె నోట రాలేదు. రామచంద్రప్ప ఇంట్లోకి పోయాడు. మూడు బిందెలు మూతలతో, నిండుగా ఉన్నాయి. ఒకటి ఎత్తాడు. ఆమె అతని మోచేయి పట్టుకుంది.

"వద్దు. నా మాట విను."

"పదిమంది ముందర పరువు తీసేసింది చాలదా?"

విడిపించుకుని తీసుకొచ్చాడు. ఆంజినప్పకు ఇవ్వలేదు, తనే పోశాడు, బిందె బోర్లించి. నీళ్ళు రాయంతా పరుచుకున్నాయి, ఒక మూలలో మాత్రం తామరాకుమీద లాగా పూసలు పూసలై జారిపోయాయి. ఏప్రిల్ ఎండ, నిమిషాల్లో ఆరిపోసాగింది. తెల్ల పలుకుల చుట్టూ ఆరింది, పక్కలు ఆరాయి. మూల నుంచి మూరెడు పొడవున ఒక గీత ఆరలేదు.

ఆంజినప్ప ఆ గీతను చూశాడు. తర్వాత లారీ దగ్గరికి పోయి పెయింటు డబ్బా తెచ్చాడు. పాత ఇంటూ గుర్తు మీదే కొత్తది వేశాడు.

"నీళ్ళు అయిపోయినాయని చెప్పినాను కదప్పా," అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా.

తిలక్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అరవలేదు, నిందించలేదు. కాగితంలో ఇరవయ్యేడని ఉంది, దెబ్బ తగలకుండా అని ఉంది. ఇరవయ్యారింటికి రద్దు రాసే అధికారం తనకు లేదు, పైవాళ్ళను అడగాలి. దెబ్బ తగిలిన రాయి ధర తేలేదాకా చెక్కు కూడా ఆగుతుంది. ఫైలు మూసి కారెక్కాడు. లారీలు ఇరవయ్యారు రాళ్ళతో ఆ రోజూ మరునాడూ తిరిగి తిరిగి పోయాయి. చేనిలో దేవేంద్ర పేర్చిన పైపులు, వాటి పక్కన ఒక రాయి మిగిలాయి.

"ఎప్పుడు?" అని మాత్రం అడిగాడు రామచంద్రప్ప ఆ సాయంత్రం.

"నువ్వు ప్లీడరు కాడికి పోయిన పొద్దు."

అతను క్షమించాడని, ఆమె కళ్ళు తుడిచాడని రాయడానికి ఆధారం లేదు. నాలుగు రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. అయిదో రోజు అన్నం వడ్డిస్తూ మునిలక్ష్మమ్మే మాట్లాడింది.

"నేను లేవంటే లేవని ఒక్క పొద్దు ఊరుకునుంటే సరిపోయేది. ఆ నీళ్ళు పోసి ఎవరి దాహం తీర్చినావు?"

అతను తినడం ఆపలేదు.

పైవాళ్ళను అడగడం తిలక్‌కు ఎప్పటికీ ముగియలేదు. 2007లో ఒక్క రాయే కదా అని రామచంద్రప్ప బ్యాంకుకు తనే పోయి అడిగాడు. ఇరవయ్యేడైనా ఒకటైనా గడిలో రాసేది ఒకటేనన్నారు. రాళ్ళు లేచిన నేలను దున్నించి వానకు ఉలవలు చల్లాడు, ఒక మోస్తరుగా పండాయి. దేవేంద్ర పైపులు కొన్న ధరకంటే తక్కువకు అమ్మేసి హోసూరు పోయాడు. పాపన్న చెప్పి పెట్టించిన ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. మొదటి రోజు హాజరు పుస్తకంలో సంతకం పెట్టించుకున్నారని ఫోనులో చెప్పాడు. మంచిది, మానుకోవాలంటే మానుకోవచ్చు, అన్నాడు తండ్రి.

రామచంద్రప్ప ఇప్పటికీ రాత్రికి ఊరు దాటడు. పొద్దున లేచి చివరి దిమ్మె దగ్గరికి పోతాడు, ఒకసారి చేత్తో తడతాడు, తిరిగి వస్తాడు. మునుపు దీనికి అరగంట పట్టేది, ఇప్పుడు రెండు నిమిషాలు. మసి పెట్టడం మానేశాక వానలకు ఆ గీత బాగా తెరుచుకుంది. అంచున ఒక తెల్ల పలుకు సగానికి చీలి ఎండలో మెరుస్తూ ఉంటుంది.

1999 మార్చి నుంచి ఈ 2007 డిసెంబరు దాకా నూట ఆరు నెలలు. నెలకు ఏడు వందల చొప్పున, కంపెనీ నుంచి రామచంద్రప్పకు డెబ్భై నాలుగు వేల రెండు వందల రూపాయలు ఇంకా రావాలి.